వేడి చేసిందిలే అనుకునే ముందు

ఈ సంగతి రాయాలా వద్దా అని మూడు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఇంటి సంగతులు, పిల్లల సంగతులు ఇన్ని రాసుకున్నానా, దీని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. చివరికి మా మామనే అడిగాను. "మామా, మీ విషయం రాయనా? పేరు పెట్టనులే" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "రాయమ్మా. నా మాదిరి ఇంకొకడు పంచె దాచిపెట్టుకోకుండా ఉంటే సాలు" అన్నారు. అందుకని రాస్తున్నాను.

మేముండేది ప్రొద్దుటూరు. అత్తగారి ఊరు జమ్మలమడుగు, బస్సెక్కితే అరగంట. పోయిన వేసవిలో మా అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై లేచి తిరగలేకపోతే, పిల్లలకు ఎట్లాగూ సెలవులే కదా అని పదిహేను రోజులు అక్కడే ఉండిపోయాను. మామకు తెల్ల పంచె తప్ప వేరేది కట్టే అలవాటు లేదు. వాటిని మెషిన్లో వేస్తే ఒప్పుకోరు. వేరుగా నానబెట్టి, చేత్తో ఉతికి, నీలిమందు పెట్టాలి. అలా ఉతుకుతున్నప్పుడు ఒక పంచె మీద చిన్న మరక కనిపించింది. రూపాయి బిళ్లంత ఉంటుంది. లేత ఎరుపు. వక్కాకు మరకేమో అనుకుని రుద్దేశాను. మరుసటి రోజు అదే చోట ఇంకొకటి, ఈసారి తుప్పు రంగులో. మూడో రోజు చూశాను, లేదు. నాలుగో రోజూ లేదు. "హమ్మయ్య" అనుకున్నాను.

ఆ "హమ్మయ్య" గురించే ఇదంతా రాస్తున్నది.

రాత్రి మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "ఎండలు చూస్తివి కదా, వేడి చేసింటుందిలే. బార్లీ కాచి ఇయ్యి" అన్నాడు. అత్తతో మెల్లగా కదిపితే, "రాళ్లేమో మ్మా. ఆయప్పకు ముందుగూడా ఒకసారి రాయి పడింది" అనింది. ఇద్దరి మాటా నమ్మదగ్గట్టే ఉంది. మా కడప జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. మాకు కళ్లు మండినా వేడే, కడుపు నొచ్చినా వేడే, నోరు పూసినా వేడే. ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉన్నా, రంగు మారినా వేడే. దానికి సబ్జా గింజలు, ధనియాల నీళ్లు, బార్లీ, కొబ్బరి నీళ్లు. అవి తాగితే రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కాబట్టి అది వేడే. ఇక రాళ్లంటారా, మా సీమలో మూత్రపిండాల్లో రాళ్లు పడని ఇల్లు వెతికినా దొరకదేమో.

నేను కూడా అట్లాగే వదిలేసేదాన్ని, మా పెద్దమ్మ గుర్తు రాకుంటే.

మా అమ్మ వాళ్లది పులివెందుల. పెద్దమ్మ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. చీనీ తోట ఉండేది వాళ్లకు. ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి పెద్దమ్మకు బహిష్టు ఆగిపోయి నాలుగేళ్లయింది. ఉన్నట్టుండి ఒకరోజు బట్టకు ఎరుపు అంటింది. అది ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకే తెలియలేదు. మళ్లీ బయటైనానేమో, ఈ వయసులో ఇదేం ఖర్మ అని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత మంట కూడా మొదలైతే అప్పుడు డాక్టరు దగ్గరికి పోయింది. ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకు మాత్రలు ఇచ్చారు. తగ్గింది. నెలన్నరకు మళ్లీ వచ్చింది. ఇంకో డాక్టరు, ఇంకో ఐదు రోజుల మాత్రలు. మళ్లీ తగ్గింది. ఇట్లా తొమ్మిది నెలలు గడిచాయి. ఏ ఒక్కరూ ఇది మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది, లోపల చూద్దాం అనలేదు. ఆ మధ్యలో నేను రెండుసార్లు పులివెందులకు పోయాను. వాళ్లింట్లో దేవుని గూటి పక్కన ఖాళీ మాత్రల అట్టలు కట్టగా పెట్టి ఉండటం చూశాను. "ఏంది పెద్దమ్మా ఇన్ని మాత్రలు?" అని ఒక్క మాట అడిగి ఉంటే! అడగలేదు. తోటలో చీనీకాయలు తెచ్చుకుని వచ్చేశాను.

బరువు తగ్గి, ఒక కాలు వాచిన తర్వాత వేలూరుకు తీసుకుపోయారు. మూత్రసంచిలో గడ్డ. అప్పటికే కండరం దాటి బయటికి పోయింది. ఏడాదిన్నర బతికింది. చివర్లో నేను పక్కన కూర్చుని ఉంటే ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నొప్పి ల్యాకపాయ కదమ్మా మొదట్లో. నొప్పుంటే చెప్పకపోదునా?"

అప్పుడే తెలిసింది నాకు, ఈ జబ్బు మోసం అంతా అక్కడే ఉందని. నొప్పి ఉంటే మనిషి అరుస్తాడు, ఇంట్లో వాళ్లు పరిగెత్తుతారు. మూత్రాశయ క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. రక్తం ఒకటి రెండు రోజులు కనిపించి, దానంతట అదే ఆగిపోతుంది. మళ్లీ వారానికో, మూడు నెలలకో వస్తుంది. ఆగినప్పుడల్లా మనం తాగిన బార్లీ నీళ్లకు పేరొస్తుంది.

సరే, మామతో మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. నిశ్చయం అయితే అయింది కానీ మాట ఎట్లా? నేను బీఏ తెలుగు చదివాను. ప్రబంధాల్లో నాయికల వర్ణనలు తలెత్తకుండా చదివి, పరీక్షలో పేజీలు పేజీలు రాశాను. అయినా కన్నతండ్రి లాంటి మనిషిని "మూత్రంలో రక్తం వస్తోందా?" అని అడగటానికి నా దగ్గర మాట లేదు. మన ఇళ్లల్లో "ఒంటికి పోవడం" అంటాం, "నీళ్లకు పోవడం" అంటాం, ఈ కాలం పిల్లలు "వాష్‌రూమ్" అంటారు. అసలు మాట పలకకుండా ఉండటానికి ఎన్ని మాటలో. ఆరోజు వంటింట్లో కాఫీ కలుపుతూ ఆ ఒక్క వాక్యాన్ని నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాను.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాఫీ ఇచ్చి, ముఖం చూడకుండా, "మామా, మీ పంచె మీద రక్తం మరక చూసినా. రెండు రోజులు" అన్నాను. ఆయన కాఫీ తాగలేదు. వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, "సంక్రాంతి అప్పటి నుంచి మ్మా. ఇది నాలుగోసారి" అన్నారు. నొప్పి ఉందా అంటే లేదన్నారు. "నొప్పి ల్యాదు కదా, దానికి డాక్టరు ఎందుకని."

అచ్చం పెద్దమ్మ మాట. నాకు చేతులు చల్లబడిపోయాయి.

తర్వాత అత్తా నేనూ కూర్చుని లెక్క వేసుకుంటే, ఇంట్లో అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. సంక్రాంతి తర్వాత కొన్ని రోజులు మామ తన పంచె తనే జాడించుకుని ఆరేసుకున్నారట. "ఈ వయసులో ఇంత శుభ్రం యాడ నుంచి వచ్చెనో" అని అత్త ఎగతాళి చేసిందట. బాత్రూమ్‌కు పోయినప్పుడు మామూలు కంటే రెండు చెంబులు ఎక్కువ పోసి వచ్చేవారట. రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేవడం వయసు వల్ల అనుకున్నారు. చూశాం అందరం. ఎవరం ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు.

ప్రొద్దుటూరుకు తీసుకొచ్చి మూత్రపరీక్ష చేయించాం. ఆ రోజు రంగు మామూలుగానే ఉంది, చూస్తే నీళ్లే. కానీ సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణాలు నిండా ఉన్నాయి. కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు, అంటే ఇన్ఫెక్షన్ లేదు. స్కాన్ తీస్తే కుడి మూత్రపిండంలో చిన్న రాయి కనిపించింది. మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి! రాయి ఉందంటే ఇంత సంతోషించిన కుటుంబం ఇంకోటి ఉండదు. చూసిన డాక్టరు కూడా, "రాయే కారణం, నీళ్లు బాగా తాగండి, నెల తర్వాత రండి" అన్నారు. మా ఆయన అప్పటికే ఆటో పిలిచేశాడు.

నేను మాత్రం కుర్చీలో నుంచి లేవలేదు. "సార్, రాయి పడినప్పుడు మా మామ నేల మీద పొర్లాడినాడంట. ఇప్పుడు నాలుగుసార్లు రక్తం వచ్చినా చిటికెడు నొప్పి లేదు. ఒకసారి మూత్రసంచి లోపల కూడా చూపిస్తే మంచిది కదా?" అన్నాను. ఆయన విసుక్కున్నారు, కానీ యూరాలజిస్టుకు చీటీ రాసి ఇచ్చారు.

యూరాలజిస్టు మొదట రిపోర్టు చూడలేదు. మామను రెండే ప్రశ్నలు అడిగారు. "బీడీ తాగుతావా పెద్దాయనా? ఏం పని చేసేవాడివి?" బీడీ నలభై ఐదేళ్లుగా ఉంది. పని అంటే, మా అత్తగారి వాళ్లది మగ్గాల కుటుంబం. మామ పదిహేనో ఏట నుంచి పెళ్లయిన కొన్నేళ్ల దాకా నూలు చిలపలకు రంగులు వేసేవారు. మరిగే రంగు తొట్టిలో కట్టెతో తిప్పడం, తీసి చేత్తో పిండడం. "అప్పుడు గ్లౌజులు ఏముండె? నెల పొడుగునా చేతులకు రంగు పోయేది కాదు. ఆ చేతుల్తోనే సద్ది తింటాంటిమి" అన్నారు.

డాక్టరు చెప్పిన తర్వాత నేనూ చదివి తెలుసుకున్నాను. ఈ క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పొగ. దాదాపు సగం కేసులకు అదే మూలం అంటారు. పొగ ఊపిరితిత్తులకు పోతుంది కదా, మూత్రసంచికి ఏం సంబంధం అని నేనూ అనుకున్నాను. పొగలోని విషాలు రక్తంలో కలుస్తాయి, వాటిని మూత్రపిండాలు వడగడతాయి, ఆ విషం కలిసిన నీళ్లు మూత్రసంచిలో గంటల తరబడి నిలవ ఉంటాయి. గోడను అవే తింటాయి. సిగరెట్ అయినా, బీడీ అయినా అంతే.

రంగుల సంగతి ఇంకా పాతది. 1895లోనే జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన లుడ్విగ్ రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని గమనించి చెప్పాడు. ఆ తర్వాత బెంజిడిన్, బీటా నాఫ్తిలమైన్ లాంటి రసాయనాలే దోషులని తేలింది. బెంజిడిన్‌తో చేసే రంగులను మన దేశంలో 1990ల్లో నిషేధించారు. మామ తొట్టిలో తిప్పిన రంగుల్లో ఏమేమి ఉండేవో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? బీడీ వల్లనా, రంగు వల్లనా అని అడిగితే డాక్టరు, "విడదీసి చెప్పలేమమ్మా" అన్నారు. నలభై ఏళ్ల కిందటి పని ఇప్పుడు జబ్బుగా పైకి రావచ్చు అని మాత్రం చెప్పారు. మగ్గాల ఊళ్లలో, రంగుల పనిలో, రబ్బరు, తోలు పనుల్లో ఉన్నవాళ్లు, ఎప్పుడో ఉండి మానేసినవాళ్లు కూడా, ఈ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

తిరుపతిలో సిస్టోస్కోపీ చేశారు. సన్నని గొట్టానికి చిన్న కెమెరా ఉంటుంది. దాన్ని మూత్రం వచ్చే దారిలో నుంచి లోపలికి పంపి చూస్తారు. కోత లేదు. తెరమీద నాకూ చూపించారు. బొటనవేలి గోరంత ఉంది, కాలీఫ్లవర్ రెమ్మ లాగా. స్కాన్‌లో అది కనపడలేదు. చిన్నవి కనపడకపోవచ్చట. అంటే స్కాన్ బాగుంది కదా అని ఊరుకున్నా మోసపోయేవాళ్లమే. అదే దారిలో గొట్టం పంపి గడ్డను గీకి తీసేశారు. పది రోజులకు బయాప్సీ వచ్చింది. క్యాన్సరే. కండరం దాకా పోలేదు. కానీ తొందరగా పెరిగే రకం.

"ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే నా మాట వేరేగా ఉండేది" అన్నారు డాక్టరు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మామ కోసం కాదు. పెద్దమ్మ కోసం.

తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు మందు పెట్టారు. ఆ మందు పేరు విని నేను నమ్మలేదు. బీసీజీ. మన పిల్లలకు పుట్టగానే భుజానికి వేసే టీబీ టీకానే. దాన్ని మూత్రసంచిలోకి ఎక్కించి రెండు గంటలు ఆపుకోమంటారు. అది లోపల ఒంటి రక్షణ శక్తిని రెచ్చగొట్టి, మిగిలిన క్యాన్సర్ కణాల మీదికి తోలుతుందట. కెనడాలో అల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్టు తొమ్మిది మంది రోగుల మీద వాడి 1976లో ప్రకటించాడు. ఇప్పటికీ దానికి మించిన మందు పెద్దగా రాలేదు. మన దేశంలో ఈ టీకా 1948లో మన పక్కనే ఉన్న మదనపల్లెలో మొదలైంది. ఈ మాట చెబితే మామ భుజం మీద మచ్చ తడుముకుని, "చిన్నప్పుడు బడికొచ్చి పొడిచిందే గదా! అప్పుడు బాయి కాడికి పారిపోతి. ఇప్పుడు పారిపోను వీల్లేదే" అని నవ్వారు.

మందు పెట్టిన రోజు జ్వరం, మంట ఉండేవి. ఆ రోజు ఆయన ఆరు గంటల వరకు కూర్చునే మూత్రం పోయాలి, పోసిన ప్రతిసారీ దొడ్లో బ్లీచింగ్ వేసి పావుగంట ఉంచి నీళ్లు కొట్టాలి. టీకాలో ప్రాణమున్న క్రిములు ఉంటాయి కనుక ఆ జాగ్రత్త. బ్లీచింగ్ డబ్బా నా వంతు. మాట పలకడానికి సిగ్గుపడిన నేనే, "మామా, కూర్చోండి, మూత విప్పేశాను" అని వాకిట్లో నుంచి అరుస్తుంటిని.

నాకు అర్థమైనంతలో చెబుతాను, మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా చూపించుకోవాలి. లేత గులాబీ, ఎరుపు, తుప్పు రంగు, కూల్‌డ్రింక్ రంగు, ఏదైనా సరే. నొప్పి లేకపోతే ఇంకా తొందరగా పోవాలి. మరుసటి రోజు ఆగిపోయినా సరే పోవాలి. బీట్‌రూట్ తిన్నా, టీబీ మాత్రలు వాడినా రంగు మారుతుంది, నిజమే. కానీ ఆ తీర్పు మనం చెప్పకూడదు, మూత్రపరీక్ష చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు దానివల్లే అని వదిలేయకూడదు.

మాటిమాటికీ పోవాలనిపించడం, ఆపుకోలేకపోవడం, మంట ఉండి, కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదని వస్తే ఇంకా లోపలికి చూడమని అడగండి. మాత్రలతో తగ్గి మళ్లీ మళ్లీ వస్తున్నా అంతే. ముఖ్యంగా ఆడవాళ్లం. ఈ జబ్బు మగవాళ్లకే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే ఆడవాళ్ల విషయంలో ఎవరికీ తట్టదు. ఇన్ఫెక్షన్ అంటారు, గర్భసంచి అంటారు. బహిష్టు ఆగిపోయాక ఎరుపు కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చినా మామూలు కాదు. పెద్దమ్మ జన్మలో పొగ తాగలేదు. యాభై దాటినవాళ్లు, పొగ తాగేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

రక్తం వచ్చిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ ఉండదు. ఎక్కువమందికి రాయో, ఇన్ఫెక్షనో, ప్రోస్టేటో అయి ఉంటుంది. అట్లా తేలితే మంచిదే కదా, దిగులు పోతుంది. తేలకముందే మనం తేల్చేసుకోవడమే తప్పు. ఈ జబ్బు బయటపడేసరికి నూటికి డెబ్భై మందికి పైగా ఇంకా కండరంలోకి దిగి ఉండదట. అప్పుడే పట్టుకుంటే మూత్రసంచిని కాపాడుకోవచ్చు. కాకపోతే మళ్లీ మళ్లీ మొలిచే గుణం ఉంది కాబట్టి, నయమైనా మూడు నెలలకు ఒకసారి కెమెరాతో చూపించుకుంటూ ఉండాలి. మామకు ఇప్పటికి రెండుసార్లు చూశారు. శుభ్రంగా ఉంది. బీడీ మానడం మాత్రం మందు కంటే కష్టమైంది. రెండుసార్లు దొంగతనంగా తాగి దొరికిపోయారు. ఈమధ్య రెండు నెలలుగా లేదు, వక్కపొడి నములుతున్నారు.

ఇంకొక్క మాట. ఇంట్లో బట్టలుతికేది, పక్క దులిపేది, బాత్రూమ్ కడిగేది మనమే. డాక్టరు కంటే ముందు మనకే తెలుస్తుంది. చూసినది మరక అని రుద్దేసి ఊరుకుంటే అది మరకే అవుతుంది. నోరు తెరిచి అడిగితేనే అది కబురు.

పోయిన వారం జమ్మలమడుగుకు పోయాను. పొద్దున్నే అత్త వంటింట్లో దోసెలు పోస్తూ, వీధిలో పాలాయనకు కూడా వినపడేటట్టు, "ఏమబ్బా, ఈ పొద్దు ఏం రంగు?" అని అరిచింది. మామ బాత్రూమ్‌లో నుంచే, "నీళ్ల రంగేలేమే!" అన్నారు.

పాలాయన నా ముఖం చూశాడు. "ఏం లేదన్నా, మా ఇంట్లో రోజూ అడుగుతాం" అన్నాను. అట్లనే నిలబడి కాసేపు ఆలోచించి, "మా నాయనకు గూడా ఒకసారి అట్లనే వచ్చిండె మ్మా, పోయిన నెలలో. ఎండకులే అనుకున్యాం" అన్నాడు. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి, యూరాలజిస్టు ఉండే వీధి పేరు చీటీ మీద రాసి ఇచ్చాను.